పెద్దాయన కోసం కడిగిన తొట్టి

మా పెడనలో ఎవరైనా "జపాన్ వెళ్ళొచ్చావుగా, ఏం చూశావు?" అని అడిగితే రైళ్ళ గురించి చెబుతాను, చేపల గురించి చెబుతాను, చివరికి ఆ వేడినీళ్ళ సత్రంలో తొట్టి గురించి కూడా చెబుతాను. దాచుకోలేదు. విన్నవాళ్ళంతా ఒకే మాట అంటారు, నువ్వు చేసినదాంట్లో తప్పేముందని. ఆ మాట వినీ వినీ నాకు ఒళ్ళు మండుతోంది. తప్పుందని నాకు తెలుసు. ఎంత తప్పో కూడా తెలుసు. ఇక్కడ ఒక్కరైనా "అవును, తప్పే చేశావు" అంటే ఆ పూటకి కడుపునిండా అన్నం తింటానేమో.

మాది కలంకారీ అద్దకం. చెక్క అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద అద్దే పని మావారిదీ, మా షెడ్డులో పనివాళ్ళదీ. అద్దిన గుడ్డల్ని కాగుల్లో ఉడకేయడం, పారే కాలవలో జాడింపించడం, ఎండేయించడం నాది. నేను పుట్టింది దివిసీమలో, సముద్రానికి దగ్గర ఊళ్ళో. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. మంచినీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని నడిచి నడిచి పెరిగినదాన్ని. నీళ్ళ విలువ నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఏమీ తెలియనిదాన్నని చెప్పుకుని తప్పించుకోవడానికి నాకు వీల్లేదు.

నన్ను జపాన్ తీసుకెళ్ళినావిడ ఏటా మా దగ్గర గుడ్డ కొనే ఆవిడ. అక్కడ ఆవిడకి చిన్న బట్టల కొట్టు ఉంది. దాదాపు నా ఈడే. బందరులో లాడ్జిలో దిగి పొద్దున్నే ఆటోలో పెడన వచ్చేది, రోజంతా మా షెడ్డులోనే ఉండేది. ఆవిడకి వచ్చిన తెలుగంతా అక్కడ నేర్చుకున్నదే. తడి, ఎండ, ఎరుపు, ఇంకా కొంచెం, రేపు. ఈ 'రేపు' అనేది మేం ఎక్కువ వాడతాం కాబట్టి ఆవిడకి అన్నిటికంటే ముందు అదే వచ్చింది. అచ్చు వెంట్రుకవాసి పక్కకి జరిగితే మావారు షెడ్డు ఎగిరిపోయేలా అరుస్తారు. మొదటిసారి విన్నప్పుడు బెదిరిపోయి అదేమిటని నన్నడిగింది. కోపం అని చెప్పాను. ఆ మాట ఆవిడకి నచ్చింది. ఆ తర్వాత మావారు ఇంకా నోరు తెరవకముందే "కోపం వచ్చిందండీ" అని నవ్వేది. ఏ మాటకైనా చివర అండీ తగిలించేది. మా వాకిట్లోకి వచ్చిన మేకని "వెళ్ళండీ" అని తోలడం నేను కళ్ళారా చూశాను.

ఒక ఏడు వాళ్ళ ఊళ్ళో మన గుడ్డలతో ప్రదర్శన పెడుతున్నాననీ, అద్దకం చేసి చూపించడానికి ఎవరో ఒకరు రావాలనీ అడిగింది. పచ్చి చేపలు తినే దేశంలో నేను బతకలేను, నువ్వెళ్ళు అన్నారు మావారు. అచ్చు పట్టడం నాకూ వచ్చు. అక్కచెల్లెళ్ళు నవ్వినా, చుట్టాలు ముక్కున వేలేసుకున్నా, స్వెట్టర్లు అడిగి తెచ్చుకుని వెళ్ళాను. పెట్టెలో సగం బందరు లడ్డూలే.

ప్రదర్శన బాగానే జరిగింది. అది అయ్యాక ఆవిడ, మా నాన్నని కొండల్లో వేడినీళ్ళ ఊరికి తీసుకెళ్తున్నాను, మీరూ రండి అంది. కారులో వెళ్తూ సంగతంతా చెప్పింది. తనకి రాని తెలుగు మాటలు ఫోన్లోకి వాళ్ళ భాషలో చెబితే, ఆ ఫోను తెలుగులోకి మార్చి వినిపించేది. ఆ పెద్దాయన బతుకంతా బస్సు డ్రైవరు. ఆ కొండమీది ఊరికి బస్సు నడిపేవాడు. సాయంత్రం ఆఖరి ట్రిప్పు దింపాక అక్కడి సత్రంలోనే పడక. సత్రం వాళ్ళు మేడమీద ఉన్న చిన్న చెక్కతొట్టిలో ఆయనకి స్నానం ఏర్పాటు చేసేవాళ్ళు. ఉద్యోగం మానేశాక కూడా ఏటా ఆకులు రాలే రోజుల్లో వచ్చి ఆ తొట్టిలో కూర్చుని వెళ్ళేవాడట. ఇప్పుడు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ సరిగా ఆడవు. మర్నాడు పొద్దున్నే ఆయన్ని ముసలివాళ్ళని చూసుకునే చోట చేర్పించాలి. అక్కడ తొట్టి స్నానాలు చేయించరట, గుండె తట్టుకోదని డాక్టరు కూడా వద్దన్నాడట. ఈ ఒక్కసారికి మాత్రం, కూతురు పక్కనే ఉంటే, కాసేపు కూర్చోవచ్చని ఒప్పుకున్నాడు.

"ఆఖరి స్నానం," అంది ఫోనులో ఆడగొంతు, ఏ భావమూ లేకుండా. వెనక సీట్లో పెద్దాయన నేనిచ్చిన లడ్డూని కొంచెం కొంచెం కొరుక్కుంటూ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు బ్రేకు తొక్కుతున్నట్టు కదిలేది. నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది. పచ్చి చేపల దేశంలో నాకు మొదటిసారి మా ఇంట్లో మనిషిలా కనిపించినవాడు ఆయనే.

సత్రం పాతది, అంతా చెక్కే. గుమ్మంలో చెప్పులు విప్పితే లోపల తొడుక్కోవడానికి వేరే చెప్పులు, చాపల గదిలోకి వెళ్ళేటప్పుడు అవీ విప్పాలి, మరుగుదొడ్డిలో ఇంకో జత. మా అత్తగారు ఉంటే ఈ దేశానికి దండం పెట్టేది. గదిలో పరిచిన చాపలు కొత్త తుంగచాపల వాసన వేస్తున్నాయి. మంచం లేదు, కుర్చీ లేదు, మోకాలెత్తు బల్ల ఒకటి. కట్టుకోవడానికి నీలం నూలు అంగీ ఇచ్చారు. చేతికి రాగానే తిప్పి వెనకవైపు చూశాను, చేత్తో అద్దిందా మిషనుదా అని. మిషనుదే. సత్రం నడిపే ముసలావిడ నేనలా చూడటం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడకి పెద్దాయన కంటే నాలుగేళ్ళు తక్కువుంటాయేమో. మొగుడు పోయాడు, పిల్లలు పట్నంలో ఉన్నారు, ఒక్కతే నడుపుతోంది. ఆ రోజు మేం తప్ప వేరే ఎవరూ దిగలేదు.

మన దివిసీమలో భూమిలోంచి ఉప్పునీళ్ళు వస్తే వాళ్ళకి వేడినీళ్ళు వస్తాయి. సత్రం కొండవాలు మీద ఉంది కాబట్టి రోడ్డు వైపు గుమ్మంలోంచి వస్తే నేరుగా మేడమీదికే వస్తాం, మా గదులూ అక్కడే. పెద్ద స్నానాల గది కింద ఉంది, మెట్లు దిగి వెళ్ళాలి. ఆడవాళ్ళంతా ఒంటిమీద నూలుపోగు లేకుండా కలిసి దిగాలట. చస్తే దిగనన్నాను. ఎవరూ లేరుగా, నేనూ మీరేగా అంది పెద్దాయన కూతురు. మీరున్నారుగా, అదే కష్టం అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వి, వెళ్ళి ముసలావిడతో మాట్లాడి వచ్చింది. మేడమీది చిన్న తొట్టి నాన్న కోసం సిద్ధం చేయించాం, లోపల గడియ ఉంది, ముందు మీరు వెళ్ళండి, తర్వాత నాన్న వెళ్తారు అంది. అతిథి ముందు చెయ్యడం వాళ్ళ పద్ధతి. ముందు బయటే చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలనీ, ఆ తర్వాతే తొట్టిలో దిగాలనీ, తొట్టిలో సబ్బు వాడకూడదనీ చెప్పింది. అన్నీ చెప్పింది. చెప్పనిది ఒక్కటే. అది చెప్పాల్సిన అవసరం ఉంటుందని వాళ్ళ దేశంలో ఎవరికీ తట్టదు.

వాళ్ళు చెప్పినట్టే కడుక్కుని దిగాను. మెడదాకా వేడినీళ్ళు. కాగుల దగ్గర వంగి వంగి అరిగిపోయిన నా నడుము, ఎన్ని తైలాలు రాసినా లొంగనిది, మెల్లగా వదులైపోయింది. కిటికీలోంచి ఎర్రటి ఆకులు కనిపిస్తున్నాయి. సుఖమంటే ఇదే కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ కాసేపూ మావారు కూడా గుర్తు రాలేదు.

లేచి తొట్టిలోకి చూసుకున్నాను. నీళ్ళ మీద సన్నగా నూనె తేలుతోంది. నా తలనూనె. ఎంత కడిగినా కొప్పులో మిగిలిన కొబ్బరినూనె. పక్కనే పొడుగాటి వెంట్రుక ఒకటి. నా ప్రాణం చచ్చిపోయింది. నా తర్వాత ఇందులో దిగేది ఆ పెద్దాయన. తండ్రిలాంటివాడు, జబ్బుమనిషి, ఆఖరిసారి స్నానం చేయడానికి వచ్చాడు. నేను మునిగిన నీళ్ళలో ఆయన దిగడమేమిటి? మా ఇంట్లో స్నానం చేసి వచ్చేటప్పుడు బకెట్టు తొలిచి, తర్వాతి వాళ్ళకి మళ్ళీ నింపిపెట్టి రావాలి. నీ మురికి నీ వెనక వచ్చేవాళ్ళకి కనిపించకూడదనేది మా అత్తగారు. షెడ్డులోనూ అంతే. ఒక రంగు ఉడకేసిన కాగుని పారబోసి తోమకుండా ఇంకో గుడ్డ వేస్తే మావారు ఊరుకోరు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నా చేతులకి ఇంకో పద్ధతి తెలియదు.

తొట్టి అడుగున చెక్క బిరడా ఉంది. పట్టుకుని లాగేశాను.

అన్ని వేడినీళ్ళు గడగడమని పోతుంటే దివిసీమ ప్రాణం కలుక్కుమంది. అయినా పెద్దాయన కోసమే కదా అని సర్దిచెప్పుకున్నాను. అక్కడున్న బ్రష్షు తీసుకుని అంచులూ మూలలూ అన్నీ తోమాను. చెమట పట్టింది. బిరడా పెట్టి, నీళ్ళు వదులుదామని కుళాయి కోసం వెతికాను. కుళాయి లేదు. గోడలోంచి ఒక వెదురు గొట్టం, దాంట్లోంచి చిటికెన వేలంత ధార. అది నేను వచ్చినప్పటి నుంచీ అలాగే పడుతోంది. గోడకి కొన్ని చెక్కలు ఆనించి ఉన్నాయి. కూర్చోవడానికేమో అనుకున్నాను. అవి మూతలు. తొట్టి మీద పరిచి నీళ్ళు చల్లారకుండా చూసుకోవడానికి. ఆ సంగతి ఆ తర్వాత తెలిసింది.

గడియ తీసేసరికి ఎదురుగా చక్రాల కుర్చీలో పెద్దాయన. తువ్వాలు నాలుగు మడతలు వేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక కూతురు. మెచ్చుకుంటారనే అనుకున్నాను, ఏం దాచను. "నాన్నగారి కోసం అంతా కడిగేశానండీ," అన్నాను.

ఆవిడ లోపలికి చూసింది. మొహం ఏమీ మారలేదు. కుర్చీ మీద ఉన్న చేతివేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. తండ్రితో మెల్లగా ఏదో చెప్పింది. ఆయన తువ్వాలు మీద చెయ్యి వేసుకుని తల ఊపాడు. అప్పటికి కూడా నాకు అర్థం కాలేదు, కాసేపట్లో నిండిపోతుందిలే అనుకుంటున్నాను. ముసలావిడని పిలిచారు. ఆవిడ వచ్చి చూసి, నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి తాకేలా వంగింది. ఏమిటిదని నేను బిత్తరపోతే ఆవిడ తరఫున ఫోను చెప్పింది. తమ ఊట చాలా సన్నదట, ఈ తొట్టి నిన్నటి నుంచి నిండుతోందట, ఒకే నీళ్ళలో ఒకరి తర్వాత ఒకరు దిగుతారట, ఆ సంగతి నాకు చెప్పకపోవడం తన తప్పట, క్షమించాలట.

ఆవిడ్ని లేవదీయడానికి నేనూ కింద కూర్చున్నాను. ఆవిడ ఇంకా వంగింది. తప్పు నాదైతే దండం ఆవిడ పెట్టడమేమిటి? మా ఊళ్ళో అయితే ఈ పాటికి నాలుగు తగిలించేవాళ్ళు, నేనూ ఏడ్చేసి తేలికపడేదాన్ని.

కింద పెద్ద గదిలో నీళ్ళున్నాయి కానీ మెట్లు నిటారు, తడి. పెద్దాయన్ని ముగ్గురు ఆడవాళ్ళం దింపలేం. ఆ నీళ్ళే పైకి మోద్దామన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చెక్క బకెట్లు తీసుకుని ముగ్గురం మోశాం. ఆ నడవాలో చలి కొరికేస్తోంది. కింద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న నీళ్ళు పైకి వచ్చేసరికి గోరువెచ్చనయ్యేవి, తొట్టిలో పడేసరికి చల్లారేవి. నీళ్ళు మోయడం నాకు చిన్నప్పటి అలవాటే కాబట్టి వాళ్ళిద్దరి కంటే వేగంగా తిరిగాను. ముసలావిడ మెట్టు మెట్టుకీ ఆగి ఎగశ్వాస తీసుకుంటోంది. మీరు ఆపండి అని బతిమాలితే నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. పాదాలు మునిగే లోతు అయ్యాక ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. కూతురు ఇక చాలండీ అంది.

పెద్దాయన్ని తొట్టి అంచు పక్కన పీట మీద కూర్చోబెట్టి కాళ్ళు లోపలికి పెట్టారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆడే చేత్తో నీళ్ళు తీసుకుని ఆడని చేతి మీద పోసుకున్నాడు. నేను గుమ్మం బయట నిలబడ్డాను, వెళ్ళిపోవడానికి కాళ్ళు రాలేదు. అలా కాసేపు కూర్చుని, తొట్టి గోడ మీద అరచెయ్యి పెట్టి నిమిరి, నా వైపు తిరిగి ఏదో అని నవ్వాడు. కూతురు నవ్వలేదు. ఏమన్నారని అడిగాను. మళ్ళీ అడిగితే ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. నేను బస్సు నడిపే రోజుల నుంచీ ఈ తొట్టిని ఇంత శుభ్రంగా ఎప్పుడూ చూడలేదు అన్నాడట.

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. వెక్కిళ్ళు పెట్టి ఏడిచాను. దాంతో ఆ ముసలివాళ్ళిద్దరూ నన్ను ఓదార్చడానికి ఆదుర్దా పడ్డారు. స్నానం పోయినవాడు ఆయన, ఓదార్పు నాకు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

భోజనంలో చిన్న చిన్న పళ్ళేల్లో ఎన్నో పెట్టారు. పచ్చి చేప ముక్కలు ఉన్నాయి. నాకిదే శిక్ష అనుకుని ముక్క కూడా మిగల్చకుండా తిన్నాను. బాగానే ఉంది. బాగుండటం కూడా తప్పనిపించింది. కూతురు నాకు వడ్డిస్తూ, వేడిగా తినండీ అంటూ, ఎప్పటిలాగే ఉంది. కోపమొచ్చిందా అని అడిగాను. "లేదండీ," అంది. ఆవిడ అంత సాఫీగా పలికిన తెలుగు మాట నేనింకోటి వినలేదు.

తెల్లారి బయల్దేరేటప్పుడు ఆ తొట్టి గదిలోకి వెళ్ళి చూశాను. వెదురు గొట్టంలోంచి ధార అలాగే పడుతోంది. మోకాలి లోతు నీళ్ళు, ఆవిరి, నూనె చుక్క లేదు. ఒక్క పూట ఆగితే చాలు. కానీ ముసలివాళ్ళని చూసుకునే చోట ఆయన్ని చేర్చుకునే వేళ ముందే ఖాయమైపోయింది, వాళ్ళ దేశంలో 'రేపు' అంటే కుదరదు. కారు కదిలాక పెద్దాయన సత్రం కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూశాడు. నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. మంచిపనే చేశావు, పరాయివాళ్ళు మునిగిన నీళ్ళలో జబ్బుమనిషిని దింపుతారా ఎవరైనా అన్నారు మావారు. గుడివాడలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేస్తే, "అయితే వాళ్ళకి శుభ్రం నేర్పించి వచ్చావన్నమాట అక్కా," అని కిలకిలా నవ్వింది. దాంతో పోట్లాడి కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఏమన్నానని దానికి ఇప్పటికీ తెలియదు పాపం. అత్తగారు బతికి ఉంటే అందరికంటే ఎక్కువ ఆవిడే మెచ్చుకునేది. అక్కడ క్షమించేవాళ్ళే, ఇక్కడ మెచ్చుకునేవాళ్ళే. మధ్యలో నా తప్పుని నేనొక్కదాన్నే పట్టుకుని కూర్చున్నాను.

ఆ వేసవిలో మేస్త్రీని పిలిపించి పెరటి స్నానాల గదిలో సిమెంటు తొట్టి కట్టించాను. మనిషి మెడదాకా కూర్చునేంత, అడుగున చెక్క బిరడా. గేదె కుడితి తొట్టి స్నానాల గదిలో ఎందుకండీ అన్నాడు మేస్త్రీ. కట్టవయ్యా బాబూ అన్నాను. ఎందుకు కట్టించానో నాకూ సరిగా తెలియదు. మావారు రెండు రోజులు చూసి, ఇందులో గుడ్డలు నానేసుకోవచ్చులే అన్నారు. నానేయనివ్వలేదు. అలా అని నేనూ దిగలేదు.

కొన్నాళ్ళకి ఆవిడ దగ్గర్నుంచి ఫోన్లో తెలుగులో మెసేజ్ వచ్చింది. నాన్న వెళ్ళిపోయారు, నిద్రలోనే, నొప్పి లేదు అని. ఆ పగలంతా కాగు దగ్గరే కూర్చున్నాను. ఉండబట్టలేక అడిగాను, అక్కడ ఆయనకి ఒక్కసారైనా తొట్టి స్నానం చేయించారా అని. లేదు, తడిగుడ్డతో తుడిచేవారు, మీరు బాధపడవద్దు అని వచ్చింది. అడగకుండా ఉండాల్సింది. అడిగి ఆవిడ చేత మళ్ళీ నన్ను ఓదార్పించుకున్నాను.

మంచు పడే రోజుల్లో ఆవిడ గుడ్డ కోసం మళ్ళీ వచ్చింది. బందరు లాడ్జి వద్దు, మా ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టాను. జుట్టు బాగా నెరిసింది, మనిషి తగ్గింది. వచ్చిన మర్నాడు ఉదయం షెడ్డులో పని ఆపించి, రెండు కాగులూ మెరిసేలా తోమించి, నీళ్ళు కాచి, మావారి చేతా పనివాళ్ళ చేతా పెరట్లోకి మోయించాను. ఎంత తోమినా ఆ నీళ్ళకి, ఎరుపు రంగు కోసం ఉడకేసే చెట్టు వేళ్ళ వాసన పోలేదు. ఆవిడకి తొట్టి చూపించి, మీకోసమే, ముందు మీరు అన్నాను. ఆవిడ తొట్టి వైపు చూసింది, అడుగున బిరడా చూసింది, నా వైపు చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

చాలాసేపటికి వచ్చింది, బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "ఇప్పుడు మీరండీ," అంది.

లోపలికి వెళ్ళాను. తొట్టి మీద మూత ఉంది. మా షెడ్డు పాత బల్ల చెక్కలు పెరటి గోడకి ఆనించి ఉంటే, అవి తెచ్చుకుని వరసగా పరిచి వెళ్ళింది. తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. నీళ్ళ మీద తెల్ల వెంట్రుక ఒకటి తేలుతోంది. పుట్టి బుద్ధెరిగి ఇంకొకరు మునిగిన నీళ్ళలో నేను కాలు పెట్టలేదు. కళ్ళు మూసుకుని దిగి మెడదాకా కూర్చున్నాను.

తలుపు అవతల మెట్టు మీద ఆవిడ కూర్చున్న చప్పుడైంది. షెడ్డులో పని మళ్ళీ మొదలై అచ్చులు పడే శబ్దం వినిపిస్తోంది.

"ఆ రోజు కోపం వచ్చిందండీ," అంది.

ఫోను కాదు, ఆవిడ గొంతే.

"చాలా కోపమండీ. నాన్న తడి లేదు. నాన్న ఎండ." ఆవిడకున్న మాటలు అవే. ఆగి, వెతుక్కుని, మళ్ళీ అంది. "ఇప్పుడు కూడా. ఇంకా కొంచెం ఉందండీ."

నా గుండెల మీద నుంచి ఏదో దిగింది, ఇంకేదో కూచుంది. దిగినదాని కంటే కూచున్నదే బరువు, కానీ అది నాదే, నాకు రావలసిందే. క్షమించండి అనబోయి ఆగాను. ఆ మాట అంటే మళ్ళీ ఆవిడ నన్ను ఓదార్చాలి.

"ఉండనివ్వండి," అన్నాను.

"ఊఁ," అంది. లేచి వెళ్ళలేదు, అక్కడే కూర్చుంది. నీళ్ళు చల్లారేదాకా నేనూ లేవలేదు. లేచేటప్పుడు అలవాటు కొద్దీ చెయ్యి అడుగున బిరడా మీదికి వెళ్ళింది. చెయ్యి వెనక్కి తీసుకుని, చెక్కలు ఒక్కొక్కటే తొట్టి మీద పరిచి బయటికి వచ్చాను.